వణికిన ఎనిమిది

నాకు అనుమానం ఎక్కువ. చిక్కడపల్లిలో కూరగాయలు కొనేటప్పుడు నేను వంకాయలను చూడను, తూకం వేసేవాడి బొటనవేలిని చూస్తాను. గ్యాస్ బండ వస్తే లేపి చూసిగానీ లోపలికి రానివ్వను. ఫోన్లో ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే మధ్యలోనే పెట్టేస్తాను. "నీకు దేవుడు కనవడ్డా ఆధార్ కార్డు చూపియ్యమంటవ్" అంటాడు మా ఆయన. అంటాను. చూపిస్తే దేవుడి సొమ్మేం పోయింది?

ఈ గుణం వల్ల నేను మోసపోయింది తక్కువ. అందుకని దాని గురించి ఎప్పుడూ సిగ్గుపడలేదు. అశోక్‌నగర్‌లో ఒక ఎండాకాలం మాత్రం అదే గుణం నా చేత ఒక మాట అనిపించింది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఇరవై ఏళ్ళు నారాయణగూడలో ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలకు మిక్సింగ్ చేశాను. రెండు రోజుల పెళ్ళిని మూడు గంటలకు కుదించి, తలంబ్రాల దగ్గర పాట కలిపి, అప్పగింతల దగ్గర పూలరేకులు రాల్చే పని. పెళ్ళికొడుకు మేనమామ ఒక్కసారి కూడా కనపడలేదని ఎవరూ కొట్లాటకు రాకపోతే మిక్సింగ్ బాగా వచ్చినట్టే లెక్క. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, స్టూడియో మూతపడింది. నేను అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు పాఠాలు చెప్పే ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. హాస్టళ్ళలో ఉండి చదివేవాళ్ళు, హైదరాబాదుకు రాలేక ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళు ఆ పాఠాలను ఫోన్లో చూస్తారు.

సార్లు పాఠం చెబుతుంటే నేను రికార్డు చేస్తాను. దగ్గులూ తడబాట్లూ కత్తిరిస్తాను. చివరికి ఆ పెద్ద ఫైలును, ఊళ్ళో అరకొర సిగ్నల్‌కు కూడా ఆడేంత చిన్నదిగా చేస్తాను. దీన్నే ఎన్‌కోడింగ్ అంటారు. బిందెడు నీళ్ళను చెంబులో పట్టించమన్నట్టు ఉంటుంది. కొన్ని ఒలికిపోక తప్పదు. ఏవి ఒలికిపోవాలో నిర్ణయించేది మాత్రం మనం కాదు, కంప్యూటర్. అందుకే ఆ కంప్యూటరంటే నాకు మొదటి రోజు నుంచీ గురి లేదు.

సెంటర్లో లెక్కలు చెప్పే పెద్దాయన ఒకరున్నారు. సర్కారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. అందరూ ఆయన్ను పెద్దసార్ అంటారు. మోకాళ్ళు అరిగిపోయి మెట్లు ఎక్కలేరు. క్లాసులన్నీ మూడో అంతస్తులో జరుగుతాయి, లిఫ్టు లేదు. రికార్డింగ్ గది ఒక్కటే కింద ఉంది. కాబట్టి ఆయనకు మిగిలినవి వీడియో పాఠాలే. అవి కూడా పోతే ఇక ఆయన పాఠం చెప్పడానికి చోటు లేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

మిగతా సార్లు కంప్యూటర్లో స్లైడ్లు పెట్టుకుని చెబుతారు. పెద్దసారుకు ఆకుపచ్చ బోర్డు, చాక్‌పీసు ఉండాలి. "తెల్లది లెక్క, ఎర్రది జవాబు" అంటారు. లెక్కంతా తెల్ల చాక్‌పీసుతో చేస్తారు, చివర్లో ఎర్రది తీసుకుని జవాబు రాసి చుట్టూ డబ్బా గీస్తారు. జవాబును నోటితో మాత్రం చెప్పరు. డబ్బా గీశాక బోర్డును చాక్‌పీసుతో రెండుసార్లు తట్టి ఇటు తిరుగుతారు. నోటితో చెబితే పిల్లలు లెక్క వదిలేసి జవాబు ఒక్కటే రాసుకుంటారని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళ నుంచీ అదే పద్ధతి. పాఠం అయిపోగానే కెమెరా వెనకున్న నా వైపు చూసి "వచ్చిందా బిడ్డా?" అని అడుగుతారు. రికార్డింగ్ సరిగ్గా వచ్చిందా అని. "వచ్చింది సార్" అంటాను నేను.

ఆ ఎండాకాలం మొదట్లో సెంటరుకు కొత్త కెమెరా కొన్నారు. బిగించిన మొదటి రోజే బోర్డు మీద వెలుగు చారలు చారలుగా పాకుతూ కనపడింది. అది ట్యూబులైటు చేసే పని అని నాకు తెలుసు. లేచి వెళ్ళి బోర్డు పైనున్న ట్యూబులైటు ఆపేశాను. చారలు పోయాయి. కాస్త చీకటి పడినా కెమెరా తనంతట తానే వెలుగు పెంచుకుంది. నా పెద్ద మానిటర్ మీద బొమ్మ బంగారంలా ఉంది. ఇక ఆ స్విచ్ సంగతే మరిచిపోయాను.

రెండు వారాలు తిరక్కుండా డైరెక్టరు గారు నన్ను పిలిచారు. పెద్దసార్ పాఠాల కింద పిల్లలు రాసిన మాటలను ఒక్కొక్కటీ చదివి వినిపించారు. "సార్ క్లియర్ లేదు." "అస్సలు క్లియర్ లేదు సార్." "జర క్లియర్ ఉండేటట్టు చూడుండ్రి."

"ఏంది మేడం ఇది? పెద్దసార్ చెప్పేది పిల్లలకు సమజ్ అయితలేదా?" అన్నారాయన.

అశోక్‌నగర్‌లో క్లియర్ అన్న మాటకు ఉన్నన్ని అర్థాలు ఏ నిఘంటువులోనూ దొరకవు. ప్రిలిమ్స్ గట్టెక్కితే క్లియర్. డౌటు తీరితే క్లియర్. హాస్టల్ బాత్రూం ముందు వరస లేకపోతే క్లియర్. పాఠం బుర్రకెక్కితే క్లియర్, బొమ్మ స్పష్టంగా ఉన్నా క్లియరే. డైరెక్టరు గారు అందులో ఒక అర్థం పట్టుకున్నారు. ఇంకో అర్థం ఉందని నాకు తట్టకపోలేదు. తట్టింది, కానీ నోరు మూసుకున్నాను. బొమ్మ బాగా లేదంటే ఆ తప్పు నాదవుతుంది కదా.

బయటికి మాట్లాడకపోయినా లోపల విచారణ మొదలుపెట్టాను. కెమెరా నుంచి వచ్చిన పెద్ద ఫైలు వేసి చూశాను, బాగుంది. పిల్లలకు వెళ్ళే చిన్న ఫైలు వేసి చూశాను. అంకెలు కొద్దిగా అలుక్కుపోయినట్టు, ఉన్నచోటే వణుకుతున్నట్టు అనిపించాయి. మానిటర్ మీద చిన్న విండోలో, పది సెకన్లు చూశానేమో. అంటే ఎవరో ఏదో చేస్తున్నారు. ఎవరు?

మొదట కంప్యూటర్‌ను అనుమానించాను. ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్ ఈమధ్యే తనకు తాను కొత్తదైంది. దాన్ని తీసేసి పాతది పెట్టాను. తేడా లేదు. కెమెరా వైరు మార్చాను. తేడా లేదు. లెన్సును నా చున్నీ కొసతో, తర్వాత కళ్ళజోడు గుడ్డతో, ఆ తర్వాత మళ్ళీ చున్నీతో తుడిచాను. తేడా లేదు. ఫైలు సైజు పెంచనివ్వమని డైరెక్టరు గారిని అడిగితే, పిల్లల రోజువారీ డేటా మన ఒక్క పాఠానికే అయిపోతుందని ఒప్పుకోలేదు.

తర్వాత వీడియోలు అప్‌లోడ్ చేసే అమ్మాయి మీదికి మళ్ళింది నా చూపు. పని తొందరగా ముగించుకోవడానికి ఆమె నా ఫైలును ఇంకోసారి కుదిస్తోందేమో. ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు, ఎక్కించిన ఫైలును దింపి, నా దగ్గరున్నదానితో పోల్చాను. సైజులో చివరి అంకె దాకా సరిపోయింది. పొద్దున ఆ అమ్మాయి నాకోసం తెచ్చిన చాయ్ గుర్తొచ్చి కాస్త నామోషీగా అనిపించింది. ఎక్కువసేపు అనిపించలేదనుకోండి.

ఇక మిగిలింది, నేను స్లైడ్ల సార్ అని పిలుచుకునే ఒకాయన. ఆయన రీజనింగ్ చెబుతారు, చొక్కా ఎప్పుడూ నలగదు. పెద్దసార్ పాఠాలు ఆపేస్తే ఆ లెక్కలు ఆయనకే వస్తాయి. ఆ రాతలన్నీ ఆయనే ఎవరితోనో రాయిస్తున్నారని నాకు గట్టి అనుమానం. ఆయన వీడియోలు తీసి చూశాను. అదే కంప్యూటర్, అదే సాఫ్ట్‌వేర్, అదే సైజు. అక్షరాలు అద్దంలో చూసినట్టున్నాయి. అంటే కంప్యూటర్ తప్పు లేదు, నా తప్పూ లేదు. నాకు హాయిగా అనిపించింది. ఆయనదానికీ పెద్దసార్‌దానికీ తేడా ఏమిటి? ఆయనవి అచ్చు అక్షరాలు, ఈయనది చేతిరాత. అంకెలేమో వణుకుతున్నాయి. చేయేమో డెబ్బై దాటిన చేయి. ఇక వెతకాల్సిన పని లేదనుకున్నాను.

స్లైడ్ల సార్ వీడియోలో అసలు కెమెరానే లేదన్న సంగతి నాకు ఆ రోజు గుర్తు రాలేదు. స్లైడ్లను కంప్యూటర్ నుంచి నేరుగా పట్టుకుంటాం. గుర్తు రావాల్సింది. ఇరవై ఏళ్ళు ఇదే పని చేసినదాన్ని.

మర్నాడు డైరెక్టరు గారు మళ్ళీ పిలిచారు. ఈసారి గదిలో పెద్దసార్ కూడా కూర్చుని ఉన్నారు.

"పెద్దసార్, మీకు చెప్పేటంత పెద్దోన్ని కాదు నేను. గని పిల్లలకు క్లియర్ అయితలేదంటున్నరు" అన్నారు డైరెక్టరు గారు.

"ఒక్కొక్క లెక్క రెండుసార్లు చెప్తున్న కదా సార్. జర ఇంక మెల్లగ చెప్పమంటె చెప్త" అన్నారు పెద్దసార్.

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "మేడం, వీడియోల ఏమన్న..."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన మాట పూర్తి కాకముందే అందుకున్నాను. "నా దిక్కు నుంచి అంత మంచిగనే ఉంది సార్. సాఫ్ట్‌వేర్ మార్చి చూసిన, వైర్ మార్చి చూసిన. పెద్దసార్ చెయ్యే జర వణుకుతున్నట్టుంది. అంకెలు నిలవడ్తలేవు."

పెద్దసార్ తన కుడిచేతిని బల్ల మీద పెట్టి చూసుకున్నారు. తిప్పి అరచేయి చూసుకున్నారు. తర్వాత ఆ చేతిని మెల్లగా బల్ల కిందికి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"అయితదేమో బిడ్డా. వయసాయె" అన్నారు.

వచ్చే నెల నుంచి లెక్కలు స్లైడ్ల సార్‌కు ఇద్దామని డైరెక్టరు గారు అన్నారు. పెద్దసార్ తల ఊపారు. మర్నాటి నుంచి మోకాలి నొప్పి అని చెప్పి రావడం మానేశారు.

అనుమానం తీరాక మనిషికి నిద్ర పట్టాలి. నాకు అన్నం కూడా సరిగ్గా దిగలేదు. తప్పు చేయిదే అయినా ఆ మాట ఆయన ముందే అనాల్సింది కాదని అనిపించేది. అలా అనిపించినప్పుడల్లా కోపమంతా స్లైడ్ల సార్ మీదికి మళ్ళించేదాన్ని. ఆ రాతలు ఆయన రాయించినవేనని తేలిపోతే నా మనసు కుదుటపడుతుంది. దొంగను పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

చిక్కడపల్లిలో లైబ్రరీకి పోయే దారిలో ఒక జిరాక్స్ షాపు ఉంది. అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలందరూ నోట్సులు అక్కడే తీయించుకుంటారు. ఒక పొద్దున అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. వరసలో ఒక అమ్మాయి ఫోన్లో పెద్దసార్ పాఠం చూస్తోంది. ఫోను అద్దం ఒక మూల పగిలి ఉంది. పక్కనున్న ఇద్దరు స్నేహితురాళ్ళు తలలు దూర్చి చూస్తున్నారు.

"ఈ క్లాస్ క్లియర్ లేదని రాస్తున్నది మీరేనా?" అని నిలదీశాను.

"అవునక్కా, నేనే రాసిన. మా రూమోళ్ళతోని గూడ రాయించిన" అంది ఆ అమ్మాయి, బెదరకుండా.

"ఎవరు రాయమన్నరు?"

"ఎవరో ఎందుకు రాయమంటరక్కా? కనవడకపోతే రాయమా?"

"ఏం కనవడ్తలేదు?"

"బొమ్మక్కా. సార్ మస్తు చెప్తడు. సార్ చెప్పినంక మల్ల పుస్తకం తెరిచే పనే లేదు. గని బొమ్మనే క్లియర్ లేదు. తెల్లది జరంత కనవడ్తది. ఎర్రది మొత్తం మసక. సార్ జవాబు నోటితోని చెప్పడు కదా, డబ్బా గీసి టక్ టక్ అని కొడ్తడు. అండ్ల ఉన్నది మూడో ఎనిమిదో తెల్వది. మేం ముగ్గురం పంచాయితీ పెట్టుకుంటం. ఇద్దరు ఏదంటె అది రాస్కుంటం."

మిగతా ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "ఏదీ, ఇటియ్యి" అని ఫోను తీసుకున్నాను.

పెద్దసార్ ఒక శాతాల లెక్క చేస్తున్నారు. బోర్డు మీద తెల్లగా ఎనిమిది వేశారు. అది వణుకుతోంది. చూశావా అనుకున్నాను, అప్పటికీ నేనే గెలవాలని ఉంది నాకు. అప్పుడాయన దగ్గు వచ్చి పక్కకు జరిగారు, అది కత్తిరించడం నేను మరిచినట్టున్నాను. బల్ల మీది సీసా తీసి నీళ్ళు తాగుతున్నారు. చేయి బోర్డుకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఎనిమిది ఇంకా వణుకుతోంది.

రాసేసిన అంకె ఎలా వణుకుతుంది? వణికే చేతితో రాస్తే అంకె వంకరగా ఉంటుంది. వంకరగా ఉన్నచోటే కదలకుండా ఉంటుంది. ఇది వంకరగా లేదు, గుండ్రంగా ముత్యంలా ఉంది. రెండు మూడు సెకన్లకోసారి ఒళ్ళు విదిలించినట్టు కదిలి, మళ్ళీ అలుక్కుపోతోంది. ఆయన నీళ్ళు తాగి, సీసా మూత పెట్టి, మూతి తుడుచుకుని వచ్చేదాకా అది వణుకుతూనే ఉంది. ఫోను ఆ అమ్మాయి చేతిలో పెట్టేసి, ఇంకేమీ అడగకుండా వచ్చేశాను.

మరునాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే రికార్డింగ్ గది తీశాను. కెమెరా పెట్టి, నేనే బోర్డు మీద తెల్లగా ఎనిమిది, ఎర్రగా మూడు రాశాను. పదినిమిషాలు తీసి, ఎప్పటిలాగే చిన్న ఫైలు చేసి, మానిటర్ మీద కాకుండా నా ఫోన్లో చూశాను. నా ఎనిమిది వణికింది. నా ఎర్ర మూడు మసకలో కలిసిపోయింది. నా చేయి వణకదు.

తల ఎత్తి చూస్తే ఆరిపోయిన ట్యూబులైటు కనపడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

జరిగింది చాలా మామూలు సంగతి. వెలుతురు చాలకపోతే కెమెరా బలవంతాన వెలుగు పెంచుతుంది. అలా పెంచినప్పుడు బొమ్మంతా సన్నని చుక్కలు లేస్తాయి, చీమల్లా కదులుతుంటాయి. పెద్ద ఫైల్లో, పెద్ద మానిటర్ మీద అవి కంటికి ఆనవు. చిన్న ఫైలు చేసేటప్పుడు మాత్రం కంప్యూటర్‌కు ఏది చుక్కో ఏది అంకో తెలియదు. కదిలే ప్రతిదీ ముఖ్యమే అనుకుని, చెంబులో ఉన్న చోటంతా ఆ చుక్కలకే ఇచ్చేస్తుంది. కదలకుండా నిలబడ్డ అంకెలకు మిగిలేది అడుగూబొడుగూ. అందుకే అవి అలుక్కుపోతాయి. కొన్ని సెకన్లకోసారి బొమ్మను మొదటి నుంచి గీస్తుంది కాబట్టి అప్పుడు ఒక్క విదిలింపు విదిలిస్తాయి. ఇక రంగు సంగతి. వెలుగునీడలకు ఇచ్చినంత చోటు రంగులకు ఎప్పుడూ ఇవ్వదు. ఆకుపచ్చ మీద ఎరుపు పడితే ముందు పోయేది ఎరుపే. అంటే అన్నిటికంటే ముందు జవాబే ఒలికిపోయింది.

ట్యూబులైటు వేశాను. మళ్ళీ చారలు వచ్చాయి. ట్యూబులైటు కంటికి తెలియకుండా కరెంటుతో పాటు మినుకుమంటుంది, చారలు అందుకే. అవి రాకుండా కెమెరా షట్టర్‌ను మన కరెంటు వేగానికి కలపాలి. కొత్త కెమెరా ఏ దేశపు కరెంటుకో పెట్టి వచ్చింది. మార్చడానికి ఒక్క నిమిషం పట్టింది. నారాయణగూడలో ఫంక్షన్ హాళ్ళ ట్యూబులైట్ల కింద ఈ పని కళ్ళు మూసుకుని చేసేదాన్ని. ఆ రోజు మాత్రం సులువుగా ఉందని స్విచ్ ఆపేశాను.

మళ్ళీ తీసి చూశాను. తెల్ల ఎనిమిది రాయిలా నిలబడింది. ఎరుపు కొంత మెరుగుపడినా ఇంకా అనుమానంగానే ఉంది. పసుపు చాక్‌పీసుతో రాసి చూస్తే బ్రహ్మాండంగా కనపడింది.

రెండు ముక్కలూ డైరెక్టరు గారికి చూపించాను. ఆయన ఫోను దగ్గరగా పెట్టుకుని చూశారు.

"అంటే పెద్దసార్ చెయ్యి వణకలేదా?"

"లేదు సార్."

"వణుకుతుందన్నది మీరే కదా మేడం?"

"నేనే సార్. తప్పు నాదే."

ఆయన రెండు ముక్కలూ ఇంకోసారి వేసి చూశారు. ఇంకెప్పుడూ నా మాట నమ్మరేమో అనుకున్నాను, నమ్మకపోయినా న్యాయమే. చివరికి, పెద్దసార్‌ను మళ్ళీ తీసుకురండి, లెక్కలు ఆయనవే అన్నారు.

పెద్దసార్ ఇల్లు దోమలగూడలో, ఒక పాత అపార్ట్‌మెంట్ కింది వాటా. ఆ సాయంత్రమే వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీశారు.

"రా బిడ్డా, కూసో. మోకాలు నొప్పని చెప్పిన్రు గని నొప్పేం లేదు. పది దినాల సంది ఇదే పని. ఒకటో తరగతి పోరగాని తీర్గ అంకెలు దిద్దుకుంట కూసుంటున్నరు" అన్నారు, కొంచెం నవ్వుతూ, కొంచెం దిగులుగా.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో గళ్ళ నోటుబుక్కు ఉంది, చిన్నపిల్లలు లెక్కలకు వాడేది. నన్ను చూసి మూయబోయి, మూయకుండా నాకే అందించారు.

"నువ్వు వచ్చింది మంచిగైంది బిడ్డా. నీ కండ్లు మంచిగున్నయి. ఇండ్ల ఏది వణికిందో చూసి చెప్పు. నాకైతే ఒక్కటి గూడ కనవడ్తలేదు. చెయ్యే కాదు, కండ్లు గూడ పోయినయేమో అనుకుంటున్న."

ఒక్కో గడిలో ఒక్కో అంకె. ఒక పేజీ నిండా మూడ్లు, ఒక పేజీ నిండా ఎనిమిదులు. మళ్ళీ మూడ్లు, మళ్ళీ ఎనిమిదులు. సగం పుస్తకం నిండిపోయింది. తారీకులు కూడా వేసుకున్నారు. పాత అలవాటు చొప్పున నా కళ్ళు ప్రతి వరసలోనూ తప్పు కోసం వెతికాయి. వణికిన అంకె ఒక్కటి దొరికినా నా పాపం కొంత తగ్గేది. ఒక్కటి కూడా దొరకలేదు. నా అనుమానం అంటువ్యాధిలా ఆయనకు తగులుకుంది. నేను కనీసం ఊరినంతా అనుమానించాను. ఆయన తనను ఒక్కడినే అనుమానించుకున్నారు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"సార్, వణికింది మీ చెయ్యి కాదు. నేను లైట్ బంద్ చేసిన. దాంతోని బొమ్మ ఖరాబైంది. అది తెల్సుకోకుండ అందరి ముంగట మిమ్మల్ని అన్న" అని ట్యూబులైటు నుంచి జిరాక్స్ షాపు దాకా అంతా చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"అంటే ఎర్రది అసలే కనవడలేదా?" అని అడిగారు.

"లేదు సార్."

"లైట్ బంద్ చేసిన కాడి నుంచి, అన్ని క్లాసులల్ల?"

"అన్నిట్ల సార్."

"జవాబు లేకుండనేనా బిడ్డా పోరగాండ్లు గిన్ని దినాలు లెక్కలు చేసింది?" అన్నారు. "మూడో ఎనిమిదో పంచాయితీ పెట్టుకున్నరా పాపం. రేపే పోదాం. అన్ని మల్ల చెప్పాలె."

"ఎర్రది ఇప్పుడు గూడ జర కష్టమే సార్. పసుపుదైతే మంచిగ కనవడ్తది."

"పసుపుదే రాద్దాం. వాండ్లకు కనవడాలె గని రంగుదేముంది?"

నలభై ఏళ్ళ ఎర్ర చాక్‌పీసును ఆయన అంత తేలిగ్గా వదిలేశారు. వచ్చేటప్పుడు వాళ్ళావిడ చాయ్ ఇచ్చారు. చక్కెర తక్కువైందేమోనని కూడా అనుమానించకుండా తాగేశాను.

ఆ పాఠాలన్నీ మొదటి నుంచి మళ్ళీ తీశాం. వారం పది రోజులు పట్టింది. ట్యూబులైటు వెలుగుతూ ఉంది, బోర్డు నిండుగా కనపడుతోంది. ఆయన ఎప్పటిలాగే చెప్పారు. మొదటి పాఠం చివర డబ్బా గీసి, బోర్డును రెండుసార్లు తట్టి, ఇటు తిరిగి "వచ్చిందా బిడ్డా?" అని అడిగారు.

ఇదివరకైతే మానిటర్ వైపు ఒక చూపు చూసి వచ్చిందనేదాన్ని. ఈసారి "ఉండండి సార్" అన్నాను. చిన్న ఫైలు చేసి, నా దగ్గరున్న ఒక పాత ఫోన్లో వేసి, మొదటి నుంచి చివరిదాకా చూశాను. అందాకా ఆయన కుర్చీలో కూర్చుని ఓపిగ్గా ఎదురుచూశారు. జవాబు మూడు. ఎవరు చూసినా మూడే. "వచ్చింది సార్" అన్నాను.

పిల్లల రాతలు మారాయి. జిరాక్స్ షాపు అమ్మాయి కూడా రాసి ఉంటుంది, ఏది ఆమెదో నాకు తెలియదు. "ఇప్పుడు క్లియర్ ఉంది సార్" అని చాలామంది రాశారు. డైరెక్టరు గారు అవన్నీ పెద్దసార్‌కు చదివి వినిపించారు.

ఒక్కటి మాత్రం మారి అలాగే ఉండిపోయింది. లెక్క చివరికి వచ్చాక, పసుపు చాక్‌పీసు తీసుకునే ముందు, పెద్దసార్ తన కుడిచేతిని ఒకసారి చూసుకుంటారు. ఇదివరకు ఆ అలవాటు ఆయనకు లేదు. పాత వీడియోలన్నీ వెతికాను, ఒక్కదాంట్లోనూ లేదు. ఒక సెకను కూడా పట్టదు. అనవసరమైనవి కత్తిరించడం నా పని కాబట్టి దాన్ని సులువుగా తీసేయగలను. ఒక రోజు కత్తిరించి, మళ్ళీ తెచ్చి అక్కడే అతికించాను. ఇప్పుడు బొమ్మ చాలా క్లియర్‌గా ఉంది. ఎంత పాత ఫోన్లో చూసినా ఆ చూపు కనపడుతుంది.